గడువు రాసిన కాగితం

లా పాజ్ పేటలో కార్మిక చట్టం ఎవరికి బాగా తెలుసని అడిగితే ఎవరైనా అటార్నీ ఎల్విరా గంబోవా పేరే చెబుతారు. ఆవిడ తర్వాత ఎవరికి అని అడిగితే మాత్రం చేపల బజారులో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, "ఇంకెవరికి, ఆవిడ వంటింట్లో ఓసాంగ్‌కి" అంటారు. అందులో సగం వెక్కిరింతే. మిగతా సగం నిజమని వెక్కిరించేవాళ్ళకీ తెలుసు.

ఓసాంగ్ అసలు పేరు హెనెరోసా పలాబ్రికా. చదువు ఆరో తరగతితో ఆగింది. అచ్చులో ఇంగ్లీషు కనిపిస్తే కూడబలుక్కుని చదువుతుంది, అర్థం సగం చిక్కుతుంది, సగం జారిపోతుంది. అయినా ఇరవై మూడేళ్ళుగా ఆ ఇంటి నుంచి అచ్చుకు పోయిన ప్రతి వ్యాసమూ ముందు ఆమె చెవిన పడ్డాకే గడప దాటింది.

ఎల్విరా సాయంత్రాలు లా కాలేజీలో కార్మిక చట్టం చెబుతుంది. పొద్దున పూట భోజనాల బల్ల మీద కార్డులు పరుచుకుని రాసుకుంటుంది. తీర్పుకొక కార్డు. వానాకాలం వస్తే ఆ కార్డులు చెమ్మ పట్టి మెత్తబడతాయి. అప్పుడు ఓసాంగ్ వాటిని వంటింట్లో తీగకు బట్టల క్లిప్పులతో వేలాడదీస్తుంది. ఏ తీర్పు పక్కన ఏ తీర్పు ఉండాలో ఎల్విరా మరిచిపోవచ్చు గానీ ఓసాంగ్ మరిచిపోదు.

పదకొండింటికి ఎల్విరా రాసిన పేజీలు పట్టుకుని వంటింట్లోకి వస్తుంది. ఓసాంగ్ బంగూస్ చేప ముళ్ళు తీస్తూ ఉంటుంది. ఆ చేపకు ముళ్ళు లెక్కలేనన్ని, పని ఒకంతట తెమలదు, వినడానికి కావలసినంత తీరిక. ఎల్విరా పీట మీద కూర్చుని పేరా తర్వాత పేరా తమ ఊరి భాష ఇలోంగోలోకి మార్చి చదువుతుంది. ఓసాంగ్ చేతిలో కత్తి ఆగిందంటే ఆ పేరా అర్థం కాలేదన్నమాట. దాన్ని మళ్ళీ రాయాల్సిందే.

"'పనివిధానంపై నియంత్రణాధికారం ఎవరియందు నిక్షిప్తమై ఉన్నదో ఆ పరీక్ష...'"

కత్తి ఆగింది.

"పని ఎలా చెయ్యాలో చెప్పేది ఎవరో చూడాలి అని, మానాంగ్" అంది ఎల్విరా, అక్కా అన్నట్టు.

"ఆ ముక్కే రాయొచ్చుగా అటార్నీ. అంత పొడుగు మాట దేనికి, తూకం వేసి అమ్ముతారా?"

ఎల్విరా కొట్టేసి రాసేది. అలా కొట్టేసి రాసినందుకే ఆవిడ వ్యాసాలకు పేరొచ్చింది. గంబోవా రాసింది కళ్ళద్దాలు లేకుండా చదవొచ్చని ఒక రిటైరైన జడ్జిగారు అన్నారట. ఎల్విరా ఆ మాట తెచ్చి ఓసాంగ్‌కి చెబితే, "ఆయనకి కళ్ళద్దాలు మార్చాలేమో కనుక్కోండి" అంది ఓసాంగ్.

వీళ్ళిద్దరూ కలిసింది కూడా ఒక వ్యాసం వల్లే. ఓసాంగ్‌కి అప్పుడు ముప్ఫై నాలుగు. ఉత్తరాన సముద్రం ఒడ్డున చేపల డబ్బాల ఫ్యాక్టరీలో సార్డీన్ చేపల తలలు కోసేది. ఆరు నెలలు నిండితే మనిషి పర్మినెంటు అవుతుంది కాబట్టి, అయిదో నెల నిండగానే పంపేసేవాళ్ళు. కాంట్రాక్టు మీద ఏ తేదీ ఉంటే ఆ తేదీన. దాన్ని మా దేశంలో ఎండో అంటాం, ఎండ్ ఆఫ్ కాంట్రాక్ట్ అన్న ఇంగ్లీషు మాటకి పొట్టి పేరు. ఆ మాట వినని కూలీ లేదు, దాని దెబ్బ తిననివాళ్ళూ తక్కువే. ఆ రోజు ఏప్రాన్, బూట్లు, కత్తి ఉతికీ కడిగీ అప్పజెప్పి, క్లియరెన్స్ కాగితం మీద నలుగురి సంతకాలు తెచ్చుకోవాలి. ఆ కాగితం లేకపోతే మళ్ళీ తీసుకోరు. ఇరవై రోజులో నెల రోజులో ఇంట్లో కూర్చున్నాక మళ్ళీ పిలుపు, కొత్త కాంట్రాక్టు, అదే బల్ల, అదే కత్తి. ఓసాంగ్ అలా పదకొండుసార్లు వెళ్ళి పదకొండుసార్లు వచ్చింది.

పన్నెండోసారి పిలుపు కోసం కూర్చున్న రోజుల్లో, బస్సు దిగి ఒక కుర్ర లాయరు నోటుపుస్తకంతో ఇంటింటికీ తిరిగింది. "ఎన్ని నెలలు పనిచేశారు?" అని ఎవరిని అడిగినా "అయిదు" అన్నారు. రాసుకుంది. ఓసాంగ్ మాత్రం నవ్వింది.

"మీ ప్రశ్నే తప్పు, అటార్నీ. ఎన్ని నెలలని అడిగితే ఎవరైనా అయిదే చెబుతాం. మధ్యలో ఎన్ని రోజులు ఇంట్లో కూచున్నారని అడగండి. వాళ్ళు మమ్మల్ని నిజంగా వదిలారో లేదో అప్పుడు చూద్దురుగాని."

ఎల్విరా మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టింది. ఆ మధ్య రోజుల లెక్కే ఆ వ్యాసానికి వెన్నెముక అయింది. ఇవి పదకొండు ఉద్యోగాలు కావు, ఒకే ఉద్యోగాన్ని ముక్కలు కోశారు అని ఆవిడ వాదన. "చేపని పదకొండు ముక్కలు కోసినంత మాత్రాన పదకొండు చేపలైపోవు" అన్న ఓసాంగ్ మాట ఫుట్‌నోట్‌లోకి ఎక్కింది. ఆ తర్వాత ఓసాంగ్‌కి పిలుపు రాలేదు. ఆ మాట ఆమెదని ఫ్యాక్టరీవాళ్ళకి ఎవరో చెప్పే ఉంటారు. ఎల్విరా ఆ సంగతి తెలిసి బస్సెక్కి వచ్చింది. "వేరే పని దొరికేదాకా మా ఇంట్లో ఉండు మానాంగ్" అంది. ఓసాంగ్ తనకన్నా నాలుగేళ్ళు పెద్దదని మానాంగ్ అనేది. వేరే పని దొరకలేదు, ఎందుకంటే ఇద్దరిలో ఎవరూ వెతకలేదు. ఎల్విరా తల్లి మంచాన పడితే నాలుగేళ్ళు ఎత్తి దించింది ఓసాంగే. చివరి రోజుల్లో ఆ ముసలావిడ కూతుర్ని గుర్తుపట్టేది కాదు గానీ ఓసాంగ్‌ని పట్టేది.

ఇక అసలు సంగతి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ కోసం కొత్త చట్టం వచ్చి రెండేళ్ళయింది. పనిలో పెట్టుకున్నవాళ్ళు మనిషికి తెలిసిన భాషలో కాంట్రాక్టు రాసివ్వాలి, వారానికో రోజు సెలవివ్వాలి, బరంగాయ్ ఆఫీసులో, అంటే పేట ఆఫీసులో, నమోదు చేయించాలి. ఎల్విరా దాని మీద పెద్ద వ్యాసం మొదలుపెట్టి, ఊళ్ళో నూట అరవై ఇళ్ళు తిరిగి చూసింది. తొమ్మిది ఇళ్ళల్లోనే కాగితం ఉంది. క్లాసులో ఆ లెక్క చెప్పి ఇళ్ళవాళ్ళని చెడామడా కడిగేస్తుంటే, వెనక బెంచీలోంచి క్రిస్పిన్ లేచాడు. పగలు బ్యాంకు ముందు గార్డు, సాయంత్రం లా విద్యార్థి, యూనిఫారం మీదే వస్తాడు.

"అటార్నీ, ఆ నూట అరవైలో మీ ఇల్లుందా?"

"లేదు."

"మరి కాగితం?"

ఎల్విరా బోర్డు వైపు తిరిగి, "అదీ లేదు" అంది.

దీపం కింద చీకటంటే ఇదే. పెన్షన్ కార్డు ఎప్పుడో చేయించింది, జబ్బు చేస్తే తనే ఆస్పత్రికి తీసుకెళ్ళేది, ఓసాంగ్‌ని ఒక్క మాట అన్నది లేదు. కాగితం సంగతే తోచలేదు. ఊరందరి కోసం రాసిన చట్టం మన వంటింటిదాకా వస్తుందని పండితులకి తట్టదు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది ఆవిడకి. ఓసాంగ్‌కి చెప్పాలంటే రెండేళ్ళు మరిచిపోయానని కూడా చెప్పాలి. అందుకని గుట్టుగా కాగితం సిద్ధం చేసి, ముద్రలన్నీ వేయించి, ఒక్కసారే ముందు పెడదామనుకుంది.

ఇదంతా ఓసాంగ్‌కి తెలియదు. ఆమెకి కనిపించింది వేరు. ఆ రాత్రి ఎల్విరా ఇంటికొచ్చి, తనకి ప్రాణమైన కందులూ పనసకాయా పంది మాంసం పులుసు ముందు పెడితే నాలుగు ముద్దలు తిని లేచింది. మర్నాడు పదకొండయినా వంటింట్లోకి రాలేదు. ఓసాంగ్ బల్ల దగ్గరికి వెళ్తే కాగితాలు బోర్లించింది. ఇరవై మూడేళ్ళలో ఆ బల్ల మీద కాగితం బోర్లించడం అదే మొదలు.

మూడో రోజు బజారులో చేపలమ్మే పాసింగ్ తక్కెడలో చేప వేస్తూ అంది, "మీ అటార్నీని బరంగాయ్ ఆఫీసులో చూశానే ఓసాంగ్. పనిమనుషుల కౌంటర్ దగ్గర నిలబడింది. కొత్త పిల్లని పెట్టుకుంటోందా ఏంటి?"

"ఆవిడ వ్యాసం కోసం వెళ్ళుంటుంది."

"ఏమో. నీకూ యాభై ఏడొచ్చాయిగా. మోకాళ్ళ మీద కూచుని నేల తుడవగలవా ఇంక?"

"నీ నాలుక తుడిచేంత ఓపిక ఇంకా ఉందిలే. మొప్పలు చూపించు ముందు, ఇది నిన్నటి చేప."

నోటికి తగ్గ జవాబు ఇచ్చింది గానీ ఇంటికొచ్చేదాకా ఓసాంగ్ ఆ కౌంటర్ సంగతే తలుచుకుంది. ఎల్విరా కాలేజీకి వెళ్ళాక బల్ల తుడవడానికి పుస్తకం ఎత్తితే దాని కింద కాగితం కనిపించింది. పైన తన పేరు, పూర్తి పేరు. హెనెరోసా పలాబ్రికా అని కాగితం మీద రాసినవాళ్ళు ఫ్యాక్టరీ తర్వాత ఎవరూ లేరు. ఓసాంగ్ వేలు పెట్టి ఒక్కో లైనూ కూడబలుక్కుంది. ఒకటో లైనులో పేర్లు, రెండులో ఇంటి చిరునామా. మూడో లైనులో 'గడువు' అన్న మాట, దాని ఎదురుగా ఎల్విరా చేతిరాతతో తేదీలు. ఈ జూన్ ఒకటి నుంచి వచ్చే మే ముప్ఫై ఒకటి వరకు.

మిగతా లైన్లు ఆమె చదవలేదు. పాము కరిచినవాడికి తాడు కనిపిస్తే చాలు. ఆమె జీవితంలో చివర తేదీ ఉన్న కాగితాలు పదకొండు వచ్చాయి, పదకొండూ ఆ తేదీన ఆమెని గేటు బయట పెట్టాయి. ఈ ఇల్లు పోతే ఆమెకి ఇంకో ఇల్లు లేదు. పుట్టిన ఊళ్ళో గుడిసె ఎప్పుడో తుఫానుకి పోయింది. ఉన్నదల్లా చెల్లెలి కూతురు జోసెలిన్, పెద్ద షాపులో పరుపు దుప్పట్లు అమ్ముతుంది. దానికి ఫోన్ చేసి కాగితం సంగతి చెప్పింది.

"ఒక ఏడాదా? బాగుంది కదా టియా" అంది జోసెలిన్, పెద్దమ్మని అలాగే పిలుస్తుంది. "మాకు అయిదు నెలలే."

"తేదీ ఉందే పిల్లా."

"తేదీ ఉంటే ఇంకేముంది, ఎండోనే. ఎందుకట? నువ్వేమన్నా అన్నావా ఆవిడని?"

"చేప ముళ్ళు తీస్తూ ఎన్నో అన్నాను. ఏది తగిలిందో."

"నా గదిలో ఇంకో చాప పడుతుంది, రా. వాళ్ళు గేటు మూసేదాకా మాత్రం ఆగకు టియా. మనమే వెళ్ళామనుకో, తల ఎత్తుకుని వెళ్ళొచ్చు."

ఆ రాత్రి ఓసాంగ్‌కి నిద్ర పట్టలేదు, కోపంతో కాదు. కోపమైతే నయమే. మనిషి ఎదురుగా ఉండగా, నోరుండగా, కాగితం మీద చెప్పిందే అన్నదే ఆమె బాధ. పేజీలకి పేజీలు చదివి వినిపించిన మనిషి ఈ ఒక్క పేజీ బోర్లించింది.

మర్నాడు పొద్దున ఎల్విరా కాఫీకని వచ్చేసరికి బల్ల మీద కార్డులన్నీ తీర్పుల వరసన సర్ది ఉన్నాయి. వాటి పక్కన ఇస్త్రీ చేసి మడతపెట్టిన ఏప్రాన్, ఇంటి తాళాలు, బజారు సంచీ, గ్యాసు రెగ్యులేటరు ఎటు తిప్పాలో బొమ్మ గీసిన కాగితం ఒకటి. ఓసాంగ్ చర్చికి వెళ్ళే గౌను వేసుకుని నిలబడి ఉంది, కాళ్ళ దగ్గర సంచీ. చేతిలో సంతకానికి గీత గీసిన కాగితం.

"నా క్లియరెన్స్ అటార్నీ. అన్నీ అప్పజెప్పాను. ఇక్కడ సంతకం పెట్టండి."

ఎల్విరాకి నిద్రమత్తు వదిలిపోయింది. "ఏం క్లియరెన్స్? ఎక్కడికి మానాంగ్?"

"జోసెలిన్ దగ్గరికి. పెద్ద సాస్‌పాన్ పిడి వదులుగా ఉంది, పట్టుకునేటప్పుడు జాగ్రత్త."

"ఏమైంది నీకు? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"అంటే బాగుండేది. అనకుండా రాశారు. ఎలాగూ పొమ్మన్నాక ఇవాళయితేనేం, ఏడాది పోయాకయితేనేం."

"ఎవరు పొమ్మన్నారు?"

"మీరే. పుస్తకం కింద ఉంది కాగితం. మూడో లైను."

ఎల్విరా పుస్తకం ఎత్తి కాగితం తీసింది. మూడో లైను చదివింది. మళ్ళీ చదివింది. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుని కూర్చుంది.

"ఇది నేను రాశానా?"

"మీ చేతిరాతే. మీ సున్నా నాకు తెలీదా? కోడిగుడ్డులా ఉంటుంది."

జరిగింది ఇంతే. ఆఫీసు ఫారంలో గడువు అని ఒక ఖాళీ ఉంది. ఖాళీ వదిలితే తీసుకోం, అందరూ ఏడాదే రాస్తారు అటార్నీ అన్నాడు గుమాస్తా. ఎల్విరా మనసు సెలవు రోజు గురించీ ఆస్పత్రి గురించీ ఉంది. చెయ్యి తన పని తను చేసేసింది. ఇరవై మూడేళ్ళుగా గడువు కాంట్రాక్టుల మీద కత్తి నూరిన మనిషి, వెతికి వెతికి తన ఇంట్లోనే ఒకటి రాసిపెట్టింది. ఫారం చేతికిస్తే ఖాళీలన్నీ నింపేయడం చదువుకున్నవాళ్ళ జబ్బు. ఆ రోజు ఎల్విరాకి అది బాగా తెలిసొచ్చింది.

"ఆ ఖాళీ నింపాలన్నాడు, నింపేశాను మానాంగ్. ఏడాది కాగానే మళ్ళీ రాస్తామని... అసలు నేనేమీ ఆలోచించలేదు."

"మళ్ళీ రాస్తామని మాకూ చెప్పేవాళ్ళు."

ఎల్విరా తల వంచుకుంది. "నిన్ను పంపడానికి కాదు ఇది. చట్టం వచ్చి రెండేళ్ళయినా నీకు కాగితం రాయలేదు నేను. క్లాసులో క్రిస్పిన్ అడిగేశాడు అందరి ముందూ. నీకెలా చెప్పాలో తెలీలేదు. సిగ్గేసింది."

"అయితే నన్ను పంపట్లేదా?"

"నిన్ను పంపి నేనెక్కడికి పోవాలి మానాంగ్?"

ఓసాంగ్‌కి ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులుగా గుండెల మీద కూర్చున్నది ఏదో దిగిపోయింది, కళ్ళు నిండిపోయాయి. అవి కనపడకుండా ఉండాలంటే తిట్టడం తప్ప ఆమెకి ఇంకో దారి తెలియదు.

"సిగ్గేసిందట. ప్రపంచంలో ఉన్న చెత్తంతా తెచ్చి చదివారు నాకు. కొబ్బరి నూనె మిల్లు తీర్పు చదివారు, ఓడ కళాసీల తీర్పు మూడు రోజులు చదివారు. నా పేరున్న కాగితం ఒక్కటి చదవడానికి మీకు నోరు రాలేదు. ముందు నా ముందు చదివుంటే మూడో లైను దగ్గరే కత్తి ఆగేది కదా?"

"ఆగేది" అంది ఎల్విరా. ఆవిడా ఏడుస్తోంది, నవ్వుతూనే.

"మరి చదవండి. ఉండండి, చేప తెచ్చుకుంటాను. ఊరికే కూచుని వినడం నాకు చేతకాదు."

చర్చి గౌను మీదే ఏప్రాన్ కట్టుకుని ఓసాంగ్ కత్తీ చేపా ముందేసుకుని కూర్చుంది. ఎల్విరా పీట లాక్కుని మొదటి లైను నుంచి చదివింది. పేర్లు, చిరునామా బాగానే సాగాయి. గడువు ఇద్దరూ దాటేశారు, చివర చూద్దామని. పనుల జాబితా వచ్చింది. వంట, బట్టలు, ఇల్లు తుడవడం.

కత్తి ఆగింది.

"వినడం రాయలేదేం?"

"వినడమా?"

"ఇరవై మూడేళ్ళు విన్నాను. యజమాని మేలు కోసం చేసేదంతా పనే అని మీరే రాశారు. ఓడ కళాసీల వ్యాసంలో."

ఎల్విరా పెన్ను తీసి రాసింది: 'రచనలు వినడం, అర్థం కాని చోట ఆపడం.' ఓసాంగ్ మెడ చాచి చూసి సరే అంది.

సెలవు రోజు ఆదివారమని ఉంది. మళ్ళీ కత్తి ఆగింది.

"ఆదివారం మంచి చేపలొచ్చే రోజు. ఆ రోజు మిమ్మల్ని బజారుకి పంపితే పాసింగ్ మీకు పోయిన వారం చేప అంటగడుతుంది. బుధవారం రాయండి, చర్చిలో నొవేనా ప్రార్థనకి వెళ్తాను."

"ఎనిమిది గంటల విశ్రాంతి అని ఉంది రోజుకి."

"అంతసేపు పడుకుంటే నడుం పట్టేస్తుంది. సరే, ఉంచండి, చట్టం బాధపడుతుంది."

చివరికి మూడో లైను దగ్గరికి వచ్చారు. ఎల్విరా తేదీలని అడ్డంగా రెండు గీతలతో కొట్టేసింది. "ఏం రాద్దాం మానాంగ్? నువ్వు చెప్పు."

ఓసాంగ్ చేపని తిప్పి రెండో వైపు ముళ్ళు తీయడం మొదలుపెట్టింది. "తేదీ వద్దు. మీకైనా నాకైనా ఇక చాలు అనిపిస్తే ఈ బల్ల దగ్గర కూచుని నోటితో చెప్పాలి. ముందు నోరు, ఆ తర్వాతే కాగితం. అలా రాయండి."

ఎల్విరా అలాగే రాసింది. చట్టం భాషలోకి మార్చబోయి, ఓసాంగ్ చూపు చూసి మానేసింది.

బరంగాయ్ ఆఫీసుకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గడువు ఖాళీ ఉండకూడదు అటార్నీ."

"ఖాళీ ఎక్కడుంది? మూడు లైన్లు రాసి ఉంటేనూ" అంది ఎల్విరా.

"తేదీ లేదు కదా."

ఎల్విరా నోరు తెరిచేలోగా ఓసాంగ్ కౌంటరు మీద మోచేతులు ఆనించింది. "తేదీ పెడితే నేను సంతకం పెట్టను బాబూ. ఒక పక్కవాళ్ళు ఒప్పుకోని కాంట్రాక్టు చెల్లుతుందా? చెల్లుతుందని రాసున్న చోటు చూపించు, అప్పుడు పెడతాను."

గుమాస్తా ఎల్విరా వైపు చూశాడు.

"నన్నడక్కు" అంది ఎల్విరా. "నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నదాన్నే."

అతను ముద్ర కొట్టాడు. ఓసాంగ్ హెనెరోసా పలాబ్రికా అని ఒక్కో అక్షరం దిద్ది సంతకం పెట్టింది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచి రొమ్ముదగ్గర పెట్టుకుంది. ఒక కాగితం చేతికొచ్చాక భయం తగ్గడం ఆమెకి అదే మొదటిసారి. ఆ మాట ఎల్విరాతో పైకే చెప్పింది.

వ్యాసంలో నూట అరవై ఒకటో ఇల్లు చేరింది. పరిశోధకురాలి సొంత ఇల్లు అని, ఇరవై మూడేళ్ళ పనికి కాగితం లేదని, చివరికి రాసిన కాగితంలో పరిశోధకురాలే తప్పు రాసిందని, ఏమీ దాచకుండా రాసింది ఎల్విరా. కాగితాలే తమని బయటికి పంపుతాయని నేర్చుకున్న మనుషుల చేతికి కాగితం ఇస్తే సరిపోదు, దాన్ని వాళ్ళ ముందు కూర్చుని పైకి చదవాలి, అభ్యంతరాలు వినాలి, సంతకం కన్నా అదే ముఖ్యం అని కొత్తగా ఒక భాగం చేర్చింది. డీన్ గారు ఫోన్ చేసి, ఆ ఇంటి సంగతి తీసేస్తే బాగుంటుందేమో, పదిమందిలో లోకువైపోతారు అన్నారు. ఎల్విరా ఆ పేజీలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి మొదటి నుంచి చివరిదాకా చదివింది. కత్తి ఎక్కడా ఆగలేదు. అందుకని తీయలేదు.

మొదటి బుధవారం వచ్చింది. ఓసాంగ్ పొద్దునే చర్చి గౌను వేసుకుని, వంటింటి వైపు చూడకుండా గడప దాటింది. నొవేనాకి వెళ్ళింది. జోసెలిన్ షాపుకి వెళ్ళి, కాగితం చూపించి, మూడో లైను దాని చేత రెండుసార్లు చదివించింది. "మాకు ఇలాంటిది ఎవరిస్తారు టియా" అంది జోసెలిన్, దుప్పటి మడత పెడుతూ. "అడగడం మొదలెట్టు. తప్పు ప్రశ్నయినా పరవాలేదు" అంది ఓసాంగ్. తర్వాత బాచోయ్ నూడుల్స్ పులుసు అమ్మే దుకాణంలో గిన్నెడు తిని, ఉప్పెక్కువైందని వాళ్ళకి చెప్పి, ప్లాజాలో బెంచీ మీద కూర్చుంది. పావురాలని చూసింది. గడియారం చూసింది. అప్పటికి రెండే అయింది.

మూడింటికల్లా ఇంట్లో ఉంది. వంటింట్లో మాడు వాసన. ఎల్విరా చెమటలు కక్కుతూ అన్నం గిన్నెతో కుస్తీ పడుతోంది.

"సెలవు కదా మానాంగ్? చీకటి పడేదాకా నిన్ను రమ్మనే హక్కు నాకు లేదు. ఎందుకొచ్చేశావు అప్పుడే?"

ఓసాంగ్ చెప్పులు విప్పి, గిన్నె వైపు పోకుండా తనని తను ఆపుకుని, భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాక్కుంది.

"సెలవు దొరికితే మనుషులు ఎక్కడికి పోతారు అటార్నీ? ఇంటికే కదా" అంది, ఎల్విరా వడ్డిస్తుందని కూర్చుంటూ.